తిరిగొచ్చేటప్పుడు ఒకరు ఎక్కువ

సలీం భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఎడారి దేశంలో నీ కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. అప్పట్లో నువ్వు కారులో తిప్పిన హైదరాబాద్ ప్రొఫెసరమ్మను ఈ రోజు అస్కర్ తీరానికి తీసుకెళ్లాను. ఆ తీరం గురించి నువ్వు అంతగా నమ్మిన పాతకాలపు యూదు యాత్రికుడి పుస్తకం నకిలీదని తేలిందట.

"ఆయన ఇక్కడికి రానేలేదు. తర్వాతెవరో కల్పించి రాశారు. అందులో ఏముందో తెలుసా, ఈ తీరానికి వెళ్లినవాళ్లకంటే తిరిగొచ్చేవాళ్లు ఒకరు ఎక్కువుంటారట!" అని ఆమె నవ్వింది.

వస్తూ దారిలో జిదాఫ్స్ ఊళ్లో చాయ్‌కి ఆగాం. చాయ్ కొట్టు జగిత్యాల రాజన్న కారు దగ్గరికి మూడు కప్పులు తెచ్చాడు.

"మేమిద్దరమే కదన్నా," అన్నాను.

"నీ పక్క సీట్ల కూసున్నాయన తాగడా?"

ఆమె ముఖం పాలిపోయింది. ఆమె కూర్చుంది వెనక సీట్లో; నా పక్క సీటు ఖాళీ. అయినా మూడో కప్పు తీసెయ్యమనలేదు. నీకు సరిపడా ఇంకో రెండు చెంచాల చక్కెర వేయమన్నాను.