దొరకా, దొరువుకా?

ఏప్రిల్ 22

ఉప ఎన్నిక పుణ్యమా అని మా ఫ్లెక్సు షాపులో ఊపిరాడటం లేదు. పొద్దున్నుంచి నాయకుల మొహాలు తెల్లగా చేస్తున్నాను. పోటీలో ఉన్న నరేంద్రబాబు మనుషులు వచ్చి వాళ్ల దొర ఫోటోకి జుట్టు పెంచమన్నారు. పెంచాను. తీరమంతా రొయ్యల గుంటలు తవ్వించిన మనిషి, నిజం జుట్టే పెట్టించుకోవచ్చు కదా అంది అమ్మ.

సాయంత్రం ఒకావిడ స్కూటీ మీద ఒక్కతే వచ్చింది. ప్రత్యూష. లాయరు. ఇండిపెండెంటు. గుర్తు బకెట్టు. తహీర్ అన్న నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు. ఆమె కరపత్రానికి మేటర్ చేత్తో రాసి తెచ్చింది. మూడే హామీలు. లైసెన్సు లేని రొయ్యల గుంటలు మూయించడం. గుంటల ఉప్పునీళ్లు వాగులోకి వదలకుండా ఆపించడం. మూడోది అన్నిటికంటే పెద్దగా, ఎర్రగా రావాలంది. సరిగ్గా అందులోనే ఒక స్పెల్లింగ్ మిస్టేక్. లాయరై ఉండి! దిద్దేశాను.

ఏప్రిల్ 24

ప్రత్యూష గారి కరపత్రాలు వెళ్లిపోయాయి. బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక్క అచ్చు తప్పు లేదు.

ఏప్రిల్ 26, ఉదయం

చచ్చాను.

ఏప్రిల్ 26, మధ్యాహ్నం

షట్టరు దించి కూర్చున్నాను, ఇప్పుడు రాయగలను.

ఆమె రాసింది "మన దొరువులను కాపాడుకుందాం" అని. నేను వేసింది "మన దొరలను కాపాడుకుందాం" అని. ఎర్రగా. పెద్దగా.

దొరువు అనే మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మా కోవూరులో పెన్నా కాలవలు, బోర్లు. సముద్రం పక్క ఇసక నేలల్లో నీళ్ల కోసం తవ్వుకునే గుంటను దొరువు అంటారట. కొంచెం లోతుకే తీపి నీళ్లు ఊరతాయట. ఆ నీళ్లు తోడి తోటలకు పోస్తారట. ఇన్ని "ట"లు రాయాల్సిన గతి నాకెందుకు పట్టింది? పదో తరగతిలో తెలుగులో జిల్లా ఫస్టు నేను. సాయిబుల పిల్లకు ఇంత తెలుగు ఎట్టా వచ్చిందబ్బా అని ఆశ్చర్యపోయినవాళ్లందరికీ ఈ రోజు పండగ.

నరేంద్రబాబు జీపులు ఊరూరా తిరిగి మా కరపత్రాన్ని మైకులో చదువుతున్నాయి. చూడండయ్యా, ఆమె కూడా మా దొరనే కాపాడతానంటా ఉండాది అని. ఎన్నికల కాగితం మీద ప్రింటరు పేరు వేయకపోతే కేసు. వేస్తే ఇదీ పరువు. అడుగున "తహీర్ ఫ్లెక్స్, కోవూరు" అని నా చేత్తో నేనే వేశాను.

ఆమె ఓడిపోతే నా వల్లే ఓడిపోతుంది.

ఏప్రిల్ 27

ప్రత్యూష గారు వచ్చారు. తిడతారని రెడీగా ఉన్నాను. ఆమె కుర్చీలో కూర్చుని పడీ పడీ నవ్వారు. నాకు ఇంకా ఒళ్లు మండింది. నవ్వే మాటా ఇది? ఉత్తినే మళ్లీ వేసిస్తామని అన్న అంటే, ముందు నీ చెల్లెలిని ఒక దొరువు చూడనీ అన్నారు.

ఏప్రిల్ 28

ప్రత్యూష గారి స్కూటీ వెనక కూర్చుని సముద్రం పక్క మొగిలిపాళెం వెళ్లాను. దారంతా రొయ్యల గుంటలు. నీళ్లలో గాలి చిలికే చక్రాలు తిరుగుతూ తెల్లటి నురగ.

ఆ ఊరి రైతు మస్తానమ్మక్క దొరువు సరుగుడు తోపు పక్కన ఉంది. అద్దం లాంటి నీళ్లు. దిగి దోసిలితో తాగాను, వెంటనే ఉమ్మేశాను. ఉప్పు. పక్క గుంటల నుంచి ఊరి ఊరి వచ్చి చేరింది. ఈ నీళ్ల మీదే ఆమె ఇరవై ఏళ్లుగా సరుగుడు నారు పెంచి అమ్ముతోంది. ఇప్పుడు మడుల్లో సగం నారు పసుపు తిరిగింది. చుట్టుపక్కల వాళ్లంతా నేలను గుంటలకు లీజుకిచ్చేశారు. ఈ ఎన్నికలో ఈ లాయరమ్మి గెలవకపోతే నేనూ ఇచ్చేస్తా, ఇంక నా వల్ల కాదు అంది అక్క. ఇస్తే దొరువు ఉండదు. అక్కడా చక్రాలు తిరుగుతాయి.

ఇంకో సంగతి. రెవెన్యూ రికార్డుల్లో దొరువు అనే మాటే లేదు. "గుంట" అని ఉంది. రొయ్యల గుంటా గుంటే. దొరువు పూడ్చి రొయ్యలు వేసినా కాగితం మీద ఏమీ మారదు. అందుకే ప్రత్యూష గారి మూడో హామీ, దొరువును దొరువు పేరుతోనే రాయించాలని. ఆ పేరునే నేను చెరిపేశాను.

మధ్యాహ్నం అక్క చేపల పులుసు పెట్టింది. కొర్రమీను కాదు, సముద్రం చేప. ఎంత బావుందో! ఉప్పు సరిగ్గా సరిపోయింది అన్నాను. నేను ఉప్పేసి నాలుగేళ్లయిందమ్మే అంది. తాగే నీళ్లు టిన్నుల్లో కొంటారు, వంటకు దొరువు నీళ్లే. ఉప్పు అవే వేసుకుంటాయంట. నవ్వుతూనే చెప్పింది. నేను రెండోసారి వడ్డించుకోలేదు.

మే 1

ఏం చేశానో నాకే అర్థం కావడం లేదు.

మొగిలిపాళెంలో ప్రత్యూష గారి మీటింగు. నేను కొత్త కరపత్రాల కట్టతో వెనక నిలబడ్డాను. ఆమె హామీలు చెబుతుంటే నరేంద్రబాబు జీపు వచ్చి ఆగింది. మైకులో పాత కరపత్రం చదవడం మొదలుపెట్టారు. మన దొరలను కాపాడుకుందాం, మన దొరలను కాపాడుకుందాం. జనం నవ్వారు. మస్తానమ్మక్క తల దించుకుంది. అది చూశాక నాకు కళ్లు కనపడలేదు. అమ్మ అంటూనే ఉంటుంది, నీ కోపానికి బురఖా లేదే అని.

స్టేజి ఎక్కి ప్రత్యూష గారి చేతిలో మైకు లాగేసుకున్నాను. ఆ కరపత్రం వేసింది నేనే అన్నాను. దొరలను కాపాడేవాళ్లు ఊరి నిండా ఉండారు, అదిగో జీపు నిండా ఉండారు. దొరువును కాపాడేవాళ్లు ఎవురుండారు? చెప్పండి, మీ ఓటు దొరకా, దొరువుకా?

ముందు ఎవరో ముసలామె, దొరువుకే అంది. మస్తానమ్మక్క తలెత్తి, దొరువుకే అని అరిచింది. ఇంక ఆగలేదు. దొరకా, దొరువుకా అని నేను, దొరువుకే అని ఊరు. బకెట్లు తెచ్చి వాయించారు. జీపు రివర్సులో పోయింది.

నేనే! స్టేజీ మీద! గొంతు పోయింది. హాయిగా ఉంది.

మే 4

ఆటోల వెనక "దొరకా, దొరువుకా?" గోడల మీద అదే. పిల్లలు కబడ్డీ కూతలో అదే అంటున్నారు. దొరువంటే ఏందని కోవూరు జనం షాపుకొచ్చి అడుగుతుంటే, అమ్మ దొరువులోనే పుట్టినట్టు వివరిస్తోంది.

మే 6

నరేంద్రబాబు మనుషులు షాపుకొచ్చారు. ప్రత్యూష గారి పని మానేస్తే ఎన్నిక అయ్యేదాకా తమ ఫ్లెక్సులన్నీ మాకే అన్నారు. అన్న లోపలికి వెళ్లి ఒక ఫ్లెక్సు చుట్ట తెచ్చాడు. మీ దొర జుట్టు రెడీ అయింది, తీసుకొని పోండి అన్నాడు.

బకెట్టు గుర్తు చూసి నవ్విన మనిషేనా?

మే 12

ఓటేశాను. బటన్ కొంచెం గట్టిగానే నొక్కాను.

మే 15

గెలిచింది!!!

తీరం పాళేలన్నీ బకెట్టుకే గుద్దేశాయి. అది అనుకున్నదే. కోవూరు కూడా వేసింది! దొరువు చూడనివాళ్లు, ఆ మాట పుట్టాక విననివాళ్లు వేశారు. కౌంటింగ్ దగ్గర మస్తానమ్మక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నా చెప్పు ఒకటి పోయింది, పోనీ. అన్న ఖాళీ బకెట్టు నెత్తిన పెట్టుకుని బజారంతా చిందులేశాడు. దారిలో నరేంద్రబాబు ఫ్లెక్సు ఒకటి గాలికి చిరిగి వేలాడుతోంది. జుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నా పనితనం.

ప్రత్యూష గారు మైకు నాకిచ్చారు. దొరకా అన్నానో లేదో ఏడుపొచ్చింది. జనమే అందుకున్నారు.

మే 16

ఒక పేపర్లో హెడ్డింగు: "దొరలను కాపాడతా: ఎమ్మెల్యే ప్రత్యూష."

నేనొక్కదాన్నే కాదు! కత్తిరించి షాపులో అంటించాను.

ఆగస్టు 9

మొగిలిపాళెం పక్కన లైసెన్సు లేని గుంటలు మూయించారు. ప్రత్యూష గారు పొద్దున్నుంచి గట్టు మీదే నిలబడ్డారు, అధికారులు వెళ్లిపోకుండా. ఉప్పునీళ్లు పైపుల్లో సముద్రానికి పోయాయి. మస్తానమ్మక్క లీజు మాట ఎత్తడం లేదు. ఎండిన మడులు మళ్లీ తవ్వుతోంది.

అక్టోబర్ 3

ఈ రోజు షాపులో వేసిన బోర్డు: "దొరువు. ఇది రక్షిత జలవనరు. పూడ్చరాదు." కొత్త రికార్డుల్లో కూడా ఆ మాటే ఎక్కింది. పంపే ముందు అక్షరం అక్షరం చదివాను. అమ్మను చదవమన్నాను. పక్క టీకొట్టాయన్ను కూడా చదవమన్నాను.

నవంబర్ 20

వాన. వాన. వాన. మొగిలిపాళెం దారి మునిగింది. దొరువు పొంగి పొర్లుతోందని అక్క ఫోన్. చెప్పింది తక్కువ, సంబరంతో అరిచింది ఎక్కువ.

డిసెంబర్ 14

మస్తానమ్మక్క ఇంట్లో అందరికీ భోజనం. పులుసు నోట్లో పెట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఉప్పు లేదు.

నాలుగేళ్ల అలవాటు, వేయడం మర్చిపోయిందట.

మూడుసార్లు వడ్డించుకున్నాను.