ముప్ఫై పౌన్ల జడ

గాలం సామాన్ల కొట్టు యజమాని గారికి నమస్కారం.

మీరు నన్నెరగరు. పోయిన బుధవారం మీ కొట్టు గుమ్మంలో సంచి పట్టుకుని పావుగంట నిలబడి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయిన మనిషిని నేనే. లోపల అయిదుగురు మగవాళ్ళు ఉన్నారు. నేను తలెత్తి ఎవర్నీ చూడలేదు. "ఏమ్మా, దారి తప్పారా? కుట్టుమిషన్ల కొట్టు పక్క వీధిలో" అన్న మాట మాత్రం వినబడింది. అందరూ నవ్వారు. అది మీ గొంతే అయ్యుంటుంది, మిగతావాళ్ళు మీకంటే ఆలస్యంగా నవ్వారు కాబట్టి.

మనుషుల ముందు నాకు మాట రాదు. చదువు అయిదో తరగతితో ఆగింది. కాగితం ముందు మాత్రం కాస్త ధైర్యం వస్తుంది.

మావారు లేతు మిషను మీద పనిచేస్తారు. ఆరు నెలల కింద మీ దగ్గరే ఒక గాలం కర్ర, దాని మీద అడ్డంగా తిరిగే చక్రం కొన్నారు. దారం మాత్రం బయట చవగ్గా కొని తనే చుట్టుకున్నారు. బొటనవేలితో ఆపాలట దాన్ని. ఈయన విసిరిన గాలం నీళ్ళలో పడి ఆగిపోతుంది, చక్రం ఆగదు. దారమంతా ఉబ్బి పిచ్చుక గూడవుతుంది. ఆదివారం ఆయన విసిరేది ఒక్కసారి, సాయంత్రం దాకా నేను చిక్కు తీసేది. కార్ఖానాలో ఆయన్ని "గూడుగారూ" అంటున్నారు. రోషం వచ్చి ఆనకట్ట మీద ఎవరో పెద్ద మీసాలాయనతో పందెం కాశారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఇరవై సార్లు విసరాలి. ఒక్కసారి చిక్కుపడినా మావారు మీసం తీసేయాలి. పడకపోతే అవతలాయన తీసేయాలి.

మీసం లేకుండా మావారెలా ఉంటారో నాకు తెలుసు. పాత ఫోటో ఉంది. అచ్చం మా అత్తగారు. ఒకే ఇంట్లో ఇద్దరత్తగార్లంటే నా వల్ల కాదు. దయచేసి చిక్కుపడని దారం ఏదో చెప్పండి.

ఇట్లు,
గుమ్మంలో నిలబడ్డ మనిషి

తా.క. ఈ ఉత్తరం సంగతి మావారికి తెలీదు. మీ కొట్టు మాటెత్తితే ముఖం పక్కకు తిప్పుకుంటారు. మీరు అందరితోనూ అలాగే మాట్లాడతారు కాబోలు.

* * *

గుమ్మం దాటని ఇల్లాలికి కొట్టు యజమాని జవాబు.

మీ ఉత్తరం విని నవ్వు ఆపుకోలేక రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. అడ్డచక్రం అనేది వేళ్ళలో పనితనం ఉన్నవాళ్ళకు. మీవారు దాన్ని బావి గిలక అనుకున్నట్టున్నారు. ఇనుము చెక్కే చేతులకు ఇనుమే నయం. ఇలాంటివాళ్ళ కోసం మా కొట్టులో వెదురుకర్రలు కూడా ఉన్నాయి, పిల్లలు కొనుక్కుంటారు.

అడిగారు కనక చెప్పాలి. జడ ఎన్ని పాయలది? నాలుగా, ఎనిమిదా? పొడవెంత? రంగేమిటి? ఎన్ని పౌన్లు? ఇప్పుడున్న జడ మరీ సన్నమని నా అనుమానం. జారుతూ కూడా ఉండాలే. ఈ వివరాలు తెలియకుండా ఏమీ చెప్పలేం.

ఇట్లు,
యజమాని

తా.క. జవాబు రాసేటప్పుడు జడ కొస ఒక బెత్తెడు కత్తిరించి కవరులో పెట్టండి. చేత్తో పట్టి చూస్తే గాని తెలియదు.

* * *

కొట్టాయనకు,

నమస్కారం పెట్టడం లేదు. ఎందుకో మీకే తెలుసు.

నేను అడిగింది దారం. మీరు అడిగింది నా జడ. మళ్ళీ అడక్కుండా ఒక్కసారే చెబుతున్నాను. నా జడ మూడు పాయలది. ఎనిమిది పాయలు అల్లుకోవడానికి నేను చాపను కాను. రంగు నలుపు. పొడవు మీకనవసరం. సన్నం అన్నారు. గుమ్మంలో పావుగంట నిలబడితే అంత పరీక్షగా చూశారన్నమాట. పోయినేడు జ్వరమొచ్చి సగం రాలింది, అది నా ఖర్మ. జారుతుందన్నారు, రిబ్బను కట్టుకుంటాను. ఎన్ని పౌన్లని అడిగారు. జడను తూకం వేసే అలవాటు మా ఇంట్లో లేదు, మీ ఇంట్లో ఉంటే ఉండొచ్చు.

పైగా కొస కత్తిరించి పంపాలా? చేత్తో పట్టి చూస్తారా? మీ ఉత్తరం మావారికి చూపిస్తే మీ కొట్టు అద్దాలు ఒక్కటీ మిగలవు. చూపించలేదు. ఆయన విసిరింది తగలదని.

ఇట్లు,
మీకు అక్కర్లేని మనిషి

తా.క. పక్కింటి అక్కకు మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ జడ మోకాళ్ళ దాకా ఉంటుంది. కత్తెర తీసుకుని మీ కొట్టుకు వస్తానంటోంది. జడ ఇవ్వడానికి కాదు.

* * *

మూడు పాయల ఇల్లాలికి,

ముప్ఫై ఏళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నాను. ఇంత మొద్దు ఉత్తరం ఇంతవరకు రాలేదు. జడ అంటే దారమమ్మా. సన్నటి పోగుల్ని పాయలుగా తీసి అల్లిన దారాన్ని మా పనిలో జడ అంటాం. మీవారి చక్రం మీద ఉన్నది అదే. మీ నెత్తి మీద ఏముందో చూసే తీరిక నాకు లేదు, నెత్తి లోపల ఏమీ లేదని మాత్రం తెలిసింది.

నాలుగు పాయలది, ముప్ఫై పౌన్లది వాడండి. అంతకంటే సన్నం వద్దు. సన్నటి జడ అడ్డచక్రం మీద నిలవదు. పై చుట్టు కింది చుట్ల మధ్యకు కోసుకుంటూ దిగిపోతుంది. మళ్ళీ విసిరినప్పుడు అక్కడ పట్టేస్తుంది, గూడు అక్కడ మొదలవుతుంది. తప్పు మీవారి బొటనవేలిది ఒక్కదానిదే కాదు. ఎనిమిది పాయలది నున్నగా, చప్పుడు లేకుండా పోతుంది గాని ఆనకట్ట రాళ్ళకు త్వరగా చిట్లుతుంది. పసుపు రంగు తీసుకోండి. అది చేపల కోసం కాదు, దారం ఎక్కడ ఉబ్బుతోందో మీవారికి కనబడాలి. అన్నిటికంటే ముందు చక్రం ఇరుసు మీద మామూలు నైలాను దారం పది చుట్లు చుట్టాలి. లేకపోతే జడ మొత్తం నున్నటి ఇరుసు మీద గిర్రున జారుతుంది.

ఇదంతా మీకు ఎక్కదు. అయినా రాశాను.

ఇట్లు,
యజమాని

తా.క. నా కన్ను మీ మీద పడిందనుకునే ధైర్యంలో సగం మీవారికి ఉంటే ఈపాటికి విసరడం వచ్చేది.

* * *

యజమాని గారికి,

జడ సంగతిలో నాదే పొరపాటు. సిగ్గుతో రెండు రోజులు పక్కింటి అక్కకు ముఖం చూపించలేదు. ఆవిడ మాత్రం కత్తెర ఇంకా సంచిలోనే పెట్టుకు తిరుగుతోంది, మిమ్మల్ని చూస్తే మనసు మారొచ్చునంటోంది.

కాని ఈసారి మాత్రం మోసపోను. ముప్ఫై పౌన్ల దారమా? పౌనంటే ఎంతని కిరాణా కొట్టాయన్ని చీటీ రాసి అడిగాను. ముప్ఫై కలిపితే పధ్నాలుగు కిలోలకు కాస్త తక్కువట. ఆ చక్రం నా పిడికిలంత లేదు. దాని మీద పధ్నాలుగు కిలోలు ఎలా చుడతారు? మా ఇంట్లో అంత బరువుండేది గ్యాసు బండ ఒక్కటే, దాన్ని మావారు రెండు చేతులా ఎత్తలేక దొర్లిస్తారు. అంత దారం కర్రకు కట్టుకుని ఇరవై సార్లు విసిరితే మీసంతో పాటు భుజం కూడా పోతుంది. ఏళ్ళ తరబడి అమ్ముడుపోని సరుకంతా నోరు లేనిదాని నెత్తిన రుద్దుదామనుకున్నారు. నాకు లేనిది నోరు. కళ్ళున్నాయి.

పందేనికి ఇంక పదకొండు రోజులే ఉంది. మావారు రోజూ అద్దం ముందు మీసాన్ని రెండు వేళ్ళతో మూసి చూసుకుంటున్నారు. నిన్న అలా చూసుకుంటూ "అమ్మా" అన్నారు. దయచేసి నిజం రాయండి.

ఇట్లు,
కళ్ళున్న మనిషి

తా.క. పసుపు దారం వస్తోందని మా అత్తగారి చెవిన పడింది. పధ్నాలుగు కిలోలని తెలిసి స్వెట్టర్లు అల్లుతానంటున్నారు. మీ కొలతలు పంపండి, మీకూ ఒకటి వస్తుంది.

* * *

కళ్ళు మాత్రమే ఉన్న ఇల్లాలికి,

మీరు అయిదో తరగతిలో ఆగిపోవడం ఆ బడి చేసుకున్న అదృష్టం. ముప్ఫై పౌన్లంటే దారం బరువు కాదు. అంత బరువు వేలాడేదాకా తెగదని. దారం బరువు మీ బుర్రంత, అంటే దాదాపు ఏమీ ఉండదు. కిరాణా కొట్లో విచారించి గాలం దారం కొనే కుటుంబం ఈ భూమ్మీద మీదొక్కటే.

పొట్లం పంపుతున్నాను. పైన ఎనిమిది పాయలు, పది పౌన్లు అని అచ్చయి ఉంటుంది. అది పట్టించుకోకండి, లోపల ఉన్నది వేరు. మీరే చుట్టండి. దారపు ఉండలో పెన్సిలు దూర్చి రెండు పాదాల మధ్య నొక్కిపెట్టండి. దారాన్ని తడిగుడ్డలోంచి రానిస్తూ వేళ్ళు నొప్పి పుట్టేంత బిగువుగా చుట్టండి. వదులుగా చుడితే పది రోజుల పనీ గంగలో కలిసినట్టే. అంచు దాకా నింపొద్దు, అగ్గిపుల్ల మందం ఖాళీ వదలండి. తర్వాత కర్ర ఎత్తిపట్టి గాలం వదలండి. అది మెల్లగా దిగాలి, నేల తగలగానే చక్రం ఆగాలి. ఆగకపోతే పక్కనున్న మర కాస్త బిగించండి. పెరట్లో బకెట్టు పెట్టి మీవారి చేత రోజూ దాన్లోకి విసిరించండి.

ఎలాగూ ఓడతారు. ఆ రోజు నేనూ ఆనకట్ట మీదే ఉంటాను, ఒక చవకబారు మీసం నేలరాలడం చూడ్డానికి.

ఇట్లు,
యజమాని

తా.క. స్వెట్టరు వద్దు. మీ అత్తగారి పోలిక మీవారికి ఎంతవరకు వచ్చిందో చూస్తే చాలు.

* * *

పందెం ఓడిన యజమాని గారికి,

ఆనకట్ట మీద మిమ్మల్ని చూసేదాకా ఆ పెద్ద మీసాలాయన మీరేనని నాకు తెలీదు. మావారు చెప్పలేదు. పందెం కాసిన మనిషి కొట్లోనే దారం కొనడానికి సిగ్గుపడి, ఉన్న దారంతోనే ఏడుస్తూ కూర్చున్నారన్నమాట. మీరు నోరు విప్పగానే గొంతు గుర్తుపట్టాను.

"గూడుగారూ, గుడ్లు పెట్టారా?" అన్నారు మీరు.

"లెక్కపెట్టండి" అన్నారు మావారు. ఆయన అంత పొట్టి మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మొదటి అయిదు విసుర్లకు మీ పక్కనున్నవాళ్ళు నవ్వారు. పదో విసురుకు నవ్వడం మానేశారు. పదిహేడోది విసిరినప్పుడు ఎదురుగాలి కొట్టింది. చక్రం మీద ఒక చుట్టు ఉబ్బి లేచింది. పసుపు రంగు కదా, అంత దూరం నుంచి నాకే కనబడింది. మావారు బొటనవేలు దాని మీద ఆనించారు. చుట్టు మళ్ళీ తన చోట్లోకి సర్దుకుంది. ఇరవయ్యోది నీళ్ళలో పడగానే మీ చెయ్యి మీసం మీదకు పోయింది, బస్సులో జేబు తడుముకునేవాళ్ళలాగా.

"ఇప్పుడే తీయండి" అన్నారు కార్ఖానావాళ్ళు.

"ఇంట్లో తీయించుకుంటాను, నాకేమన్నా మర్యాద లేదా" అని మీరు వెళ్ళిపోయారు. మర్యాద ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఒక్క సంగతి అర్థం కాక అడుగుతున్నాను. మొదటి ఉత్తరంలోనే పందెం గురించి రాశాను. పోయేది మీ మీసమేనని మీకు తెలుసు. తెలిసీ ఇంత మంచి దారం, ఇంత మంచి సలహాలు ఎందుకిచ్చారు? మంచితనం అనుకుందామంటే మీ ఉత్తరాలు అడ్డొస్తున్నాయి.

ఇట్లు,
ఒకే అత్తగారున్న కోడలు

తా.క. దారం ఎవరు చుట్టారని మావారు అడిగారు. "మీరే చుట్టి మరిచిపోయారు" అని ఆయనతో అన్నాను. నమ్మారు. ఇప్పుడు కార్ఖానాలో అందరికీ చుట్టడం నేర్పుతున్నారు.

* * *

చెల్లెమ్మకు,

ఈ ఉత్తరం ఆయనది కాదు. రాత చూసి పోల్చుకునే ఉంటావు, ఇదివరకటివీ ఇదే చేతివి. నేను ఆ కొట్టాయన భార్యను.

ఆయనకు కూర్చుని రాసే ఓపిక లేదు. వచ్చిన ఉత్తరాలు నేను చదివి వినిపిస్తాను. ఆయన మీసం దువ్వుకుంటూ జవాబు చెబుతారు. నేను రాసి పోస్టులో వేస్తాను. తిరిగి చదవమనరు. కాబట్టి తిట్లు ఆయనవి, సలహాలు నావి. పది పౌన్లది చెప్పు, అంచు దాకా నింపమను, నైలాను ఊసెత్తకు అన్నారు. నీ ఉత్తరాల్లో ఆయన వినకూడనివి దాటేసి, ముప్ఫైని పది చేసి చదివాను. తిట్లు మాత్రం ఒక్కటీ తగ్గించకుండా రాశాను. తగ్గిస్తే తర్వాతి ఉత్తరంలో నీ జవాబు చప్పబడి ఆయనకు అనుమానం వచ్చేది. నీ మనసు కష్టపెట్టినందుకు ఏమనుకోకు. జడ కొస పంపమన్నది మాత్రం నేనే, పాత దారం చూద్దామని. నీ కోపం చదివి గోడౌన్‌లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఈ కొట్లో అమ్మిన ప్రతి చక్రానికీ పదకొండేళ్ళుగా దారం చుడుతున్నది నేను, వెనక గదిలో, పెన్సిలు పాదాల మధ్య పెట్టుకుని. ముందు గదిలో ఆయన మీసం కూర్చుంటుంది. "మీ చెయ్యి మహత్యమండీ" అని వచ్చినవాళ్ళు దానికి దణ్ణం పెట్టి పోతారు. అది పెళ్ళికి ముందు నుంచీ ఉంది. దాని కింద ఏముందో నాకూ తెలీదు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే, ఈ ఒక్కసారికి దారం ఎటు పోవాలో నేను చెబుదామనుకున్నాను.

ఆదివారం ఇంటికొచ్చి తలుపేసుకుని, "వారం పోతే జనం మరిచిపోతారులే" అన్నారు. నేను వేణ్ణీళ్ళు, కత్తి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాకూ నీలాగే మాట రాదు. గంటన్నర అలాగే కూర్చున్నాం. చివరికి ఆయనే గడ్డం ఎత్తారు.

పై పెదవి లేదు చెల్లెమ్మా. ఉందంటే ఉంది, దారమంత. ఆ ముఖంతో ముందు గదిలో కూర్చోనని ఒట్టు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి నేను కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళు ఏదో అడుగుతారు, నేను తలొంచుకుని సరైన దారం తీసి బల్ల మీద పెడతాను. ఇంతవరకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నువ్వూ గుమ్మం దాటి లోపలికి రా. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా కాసేపు కూర్చుందాం.

ఇట్లు,
నీ అక్కలాంటిది

తా.క. మీవారిని ఇంకో పందెం కాయమను. ఈసారి మా ఆయన గురక మీద.