నెట్‌వర్క్‌లో నీ పేరు

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నీ గదిలో కంప్యూటర్‌కూ, కొత్తగా తెచ్చుకున్న నా దానికీ నేనే కేబుల్ వేసినా. తాడిపత్రిలో ఇది నేర్పేవాడు యాడా దొరకలేదు. రెండింటినీ నేరుగా కలపాలంటే కేబుల్ ఒక కొసన తీగల వరస మార్చాలంట. అది తెలీక, బండలు కోసే మిషన్ దుమ్ములో కూచోని ఎన్ని కేబుళ్లు కత్తిరించి పారేసినానో! థూ, నామీద నాకే రోత పుట్టింది.

ఈ పొద్దు కలిసినాయి. నా స్క్రీన్ మీద నీ పేరు కనబడింది. నీ కంప్యూటర్‌కు నువ్వు పెట్టుకున్న పేరే.

నీ పేరున పెట్టిన వడలు నములుతానే చిన్నాయన వంగి చూసినాడు. "పోయినోని పేరు ఇంట్లో వెలగకూడదప్పా, తీసెయ్."

ఆ నూనె మూతి చూస్తే అసయ్యమేసింది.

"అది మార్చేకి రాదు చిన్నాయనా" అన్నా.

పేరు మార్చేదే అన్నా, అన్నిటికన్నా ముందు నేను నేర్చుకునింది.