బొగ్గు దిగని మెట్లు

ఒరే తమ్ముడూ,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ కుక్క బొగ్గు ఇవాళ కూడా మెట్లు దిగలేదు. ఇనుప మెట్ల సందుల్లోంచి కింద వీధి కనిపిస్తుంటే దానికి ఒకటే వణుకు. నువ్వు చెప్పినట్టే మెడపట్టీ పట్టి లాగుతూ "ఏం కాదు, ఏం కాదు" అన్నాను. అంతే, మంచం కింద దూరింది. ఆ తర్వాత నేను కుట్టి పెట్టిన కోటు మీద ఉచ్చ పోసింది. ఇల్లంతా కంపు, నెలాఖరుకి కుక్కయినా వెళ్లాలి, మీరైనా వెళ్లాలి అంటోంది ఇల్లుగలావిడ. కొత్త ఉద్యోగమంటూ దీన్ని నా నెత్తిన రుద్ది పోయావు. ఒళ్లు మండిపోతోంది.

అక్క

ప్రియమైన అక్కకు,

గారాబం చేస్తే అంతే. ఎత్తుకెళ్లి మెట్ల మధ్యలో దించెయ్, చచ్చినట్టు దిగుతుంది. స్నానానికైనా సూదిమందుకైనా నేను "ఏం కాదు" అంటూ అలాగే లాక్కెళ్లేవాణ్ణి. చేతకాకపోతే ఎవరికైనా ఇచ్చెయ్. నా గురించి బెంగపడకు. ఓడల మరమ్మతు షెడ్డు చాలా పెద్దది, అంతా కొత్త మొహాలే. క్యాంటీన్లో రద్దీ అని గదిలోనే రొట్టె తింటున్నాను. ఏం కాదు.

నీ తమ్ముడు

ఒరే బుద్ధిలేనివాడా,

ఇచ్చెయ్యడానికి అదేమన్నా పాత చొక్కానా? స్నానం ముందు ఏం కాదు, సూది ముందు ఏం కాదు. ఆ మాట వినపడితే తనకేదో అవుతుందని దానికి బాగా తెలుసు! నేను ఆ మాట మానేశాను. తలుపు తీసి, గుమ్మంలో కూర్చుని బొత్తాలు కుట్టుకుంటున్నాను. అది మెట్ల వైపు చూస్తే రొట్టె ముక్క పెడతాను. చాలనుకుంటే అదే లోపలికి పోతుంది. లాగను, పిలవను. ఇవాళ మొదటి మెట్టు మీద ముందుకాళ్లు పెట్టింది. ఇంకోసారి ఇచ్చెయ్ అన్నావంటే ముందు నిన్ను ఇచ్చేస్తాను ఎవరికైనా.

అక్క

అక్కా,

ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నాను. షెడ్డు నచ్చలేదు, అంతే. ఏం కాదు. బొగ్గుని ఎవరికీ ఇవ్వకు.

తమ్ముడు

ఒరే పిచ్చి సన్నాసీ,

నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. ఏం కాదన్న చోటల్లా నీకేదో అవుతూనే ఉంది. నోరు తెరిచి చెప్పలేవూ? ఈత నేర్పుతానని మనల్ని నీళ్లలోకి తోసేముందు నాన్న అన్నదీ ఆ మాటే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

అప్పుడే రాకు. రేపు టీ పట్టుకుని క్యాంటీన్ గుమ్మం బయట నిలబడు. చాలనిపిస్తే గదికి వెళ్లిపో. ఎల్లుండి కాస్త లోపలికి వెళ్లు. నిన్నెవరూ లాగరు. బొగ్గు ఇవాళ తనంతట తానే కిందదాకా దిగి, వీధంతా వాసన చూసి, తోక ఊపుకుంటూ పైకొచ్చింది. ఇల్లుగలావిడ నోరు మూతపడింది.

అప్పటికీ నీవల్ల కాకపోతే వచ్చెయ్, తలుపు తీసే ఉంటుంది. కానీ గుమ్మంలో నిలబడి ఆ మాట మాత్రం అనకు. భయమేసింది అక్కా అని చెప్పు.

ఇంకా మండిపడుతూనే,
అక్క