మొదటి డబ్బాలోని చీటీ

కామాటిపుర, బొంబాయి
ఆదివారం

చంద్రమ్మక్కకు, నీ చెల్లెలు బాలమణి దండాలు పెట్టి రాస్తున్నది.

ఎప్పుడూ నీలం ఇన్లాండు కాగితం వచ్చేది, ఈసారి కవరు వచ్చిందేమిటని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కవరులో ఒక చీటీ పెట్టవలసి వచ్చింది, అంతే. ఇంకొక మాట. నా ఉత్తరాలు నువ్వు ఇంట్లో కూర్చుని మెల్లగా చదివించుకుంటావు. ఈసారి అట్లా వద్దు. పోస్టుమాన్ సాయిలన్నను అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇవ్వు. బావను పిలిపించు. పక్కిళ్లవాళ్లు వస్తే రానివ్వు. ఈరయ్య సేటు పేరు వినగానే బావ లేచిపోతాడని తెలుసు, చేయి పట్టుకుని కూర్చోబెట్టు. సాయిలన్నా, నువ్వు కూడా మధ్యలో ఏదీ వదలకుండా గట్టిగా చదువు.

నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బావకు రాత్రుళ్లు నిద్ర పడుతున్నదా? ఎర్రావు ఈనిందా? అక్కడ వానలు పడ్డాయో లేదో గాని ఇక్కడ మాత్రం ఇరవై రోజులుగా ఆగడం లేదు. మేముండే గదుల వరుస బిల్డింగును చాల్ అంటారు, దాని మెట్లన్నీ పాచి పట్టాయి. గోడకు చేయి ఆనిస్తే తడి. ఆరేసిన చీర మూడు రోజులకు కూడా ఆరదు, అట్లాగే కట్టుకుని పనికి పోతున్నాను. నీ మరిది వర్లిలో బిల్డింగు పనికి పోయి, పని లేదని మధ్యాహ్నానికే తిరిగొచ్చి ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. దగ్గు ఉంది గాని భయపడేంత కాదు. పిల్ల మంజుల నాతో తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది. నువ్వు పంపిన చింతచిగురు పొడి అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు. ఇక్కడ జొన్నరొట్టె దొరుకుతుంది గాని, పక్కన ఆ పులుపు లేకపోతే నోటికి ఏమీ తెలియదు. మేము బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. మా కారఖానా ఈరయ్య సేటు పోయాడు అక్కా. నెల దాటింది. కారఖానాలో టంకం పెడుతూ పెడుతూ పక్కకు ఒరిగాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

సాయిలన్న చదువుతుంటే వినేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారు కనుక చెబుతున్నాను. మన పంచాయతీ ఆఫీసులో టీవీ కింద ఒక ఇనుప డబ్బా ఉంటుంది చూడండి, కరెంటు ఎక్కువ తక్కువైతే టీవీ కాలిపోకుండా ఆపేది. దాన్ని స్టెబిలైజర్ అంటారు. అట్లాంటివి బొంబాయిలో బీదవాళ్ల ఇళ్లకు అందేలా మొదట చేసింది మా సేటే అని అందరూ అంటారు. ఆయన తాత ఇక్కడికి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. సేటు చదివింది నాలుగో తరగతి. పాత ఇనుప రేకులు, కాలిన మోటార్లలోని రాగితీగ ఏరుకొచ్చి, ఒక్క గదిలో కారఖానా పెట్టాడు. ఇవాళ ఈ గల్లీలో డెబ్బై మంది ఆ డబ్బాల మీద బతుకుతున్నాం.

మంచి చేశాడా అంటే చేశాడు. నేను అబద్ధం రాయను. మగవాళ్లు తప్ప ఎవరూ చేయరన్న పనికి ఆడవాళ్లను కూర్చోబెట్టాడు. పక్క గల్లీలో బతుకు చెడినవాళ్లు ఉంటారని మీరూ విని ఉంటారు. అక్కడి నుంచి సక్కుబాయి పని అడగడానికి వస్తే, మేమంతా పీటలు జరుపుకున్నాం. సేటు తన అన్నం డబ్బా తెరిచి, ఆమెతో కలిసి తిన్నాడు. ఆ తరువాత ఎవరూ జరగలేదు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. అన్నం తిన్నాక అట్టముక్కల మీద బొగ్గుతో రాసి దిద్దించేవాడు. ఇప్పుడు ఈ ఉత్తరం నేనే రాస్తున్నానంటే అది ఆయన పుణ్యమే.

చెడు కూడా చెబుతాను. కోపం వస్తే చేతిలో ఏముందో చూసేవాడు కాదు. వేడి టంకం కాడ విసిరాడొకసారి, నా మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. పెండ్లాం రాజవ్వను పదిమందిలో తిట్టేవాడు. కొడుకు సురేశ్‌ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. అన్నిటికంటే చెడ్డది, తప్పు చేశాను అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. తప్పని తెలిసినా సరే, గొంతు పట్టుకున్నా రాదు.

నర్సింలు బావ కూడా ఈ కారఖానాలోనే తీగ చుట్టేవాడు, ఆయన సంగతి మీ అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కింద డబ్బాలో తీగ ఎన్ని చుట్లు చుట్టాలన్న లెక్కలు బయటి షాపువాడికి అమ్ముకున్నాడని నింద వేసి, పనిలోంచి తీసేశారు. ఊరికి ఆ మాట బావ కంటే ముందే వచ్చింది. దొంగతనం చేసి వచ్చాడని మన వాకిట్లోనే అన్నవాళ్లున్నారు. ఆ తరువాత బావ మళ్లీ తీగ ముట్టలేదు, ఊరు దాటలేదు. ఆ షాపువాడు బజారులో మా డబ్బా ఒకటి కొని, విప్పి చూసి చేసుకున్నాడని తరువాత సేటుకు తెలిసింది. తెలిసినా ఊరికి ఒక ముక్క రాయించలేదు.

దినాలు అయ్యాక సంతాప సభ పెట్టాలని మనవాళ్ల సంఘంవాళ్లు నిర్ణయించారు. సేటు చేసిన మొట్టమొదటి డబ్బా కారఖానాలో అద్దాల పెట్టెలో ఉంటుంది. ప్రతి దసరాకు దానికి బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొడతాం. దాన్ని ఎవరూ విప్పరు. దేవుడిలాగా కూర్చుంటుంది. సభలో ఆ డబ్బాతో బల్బు వెలిగించాలని సురేశ్ అనుకున్నాడు. పెడితే వెలగలేదు. పాతవాళ్లలో తీగ చుట్టేదాన్ని నేనే కదా, నన్ను పిలిచాడు.

"బాలమణక్కా, ఇది నువ్వే చూడాలె. నాన్న చేసింది, వేరే ఎవరి చెయ్యీ పడొద్దు. జర సంభాల్ కే, జాగ్రత్త" అన్నాడు.

బొట్టు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. తుడిచి మూత విప్పాను. లోపలి తీగచుట్టను కాయిల్ అంటాం, దాని పై పొర దగ్గర తీగ తెగింది. అతికించాలంటే పైన చుట్టిన కాగితం కోయాలి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది అక్కా. కాయిల్ చుట్టినవాళ్లు చివరి కాగితం కింద తమ పేరు చీటీ పెట్టాలి. డబ్బా చెడి తిరిగొస్తే ఎవరి చేయో తెలియాలని సేటు పెట్టిన కట్టుబాటు. ఆ కట్టుబాటు మొదటి డబ్బా నుంచే ఉందని నాకు తెలియదు. కాగితం కోశాను. కింద చీటీ ఉంది.

సేటు చేతిరాతే. నేను ఆ రాత చూసి దిద్దినదాన్ని, పొరపాటు పడను. నకారానికి పైన తలకట్టు విడిగా, ఎగిరిపోతున్నట్టు పెడతాడు. అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సాయిలన్నా, ఇది రెండుసార్లు చదువు.

"మొదటి డబ్బా. చుట్ల లెక్క నర్సింలుది. చుట్టింది నర్సింలు. నాకు చేతకాలేదు. నర్సింలుకు రాయరాదు గనుక నేను రాసిన. ఈరయ్య."

బావ ఒకసారి మాతో అన్నాడు, ఆ డబ్బా మోత విని ఎన్ని చుట్లు వేయాలో నేనే చెప్పానని. మేము నవ్వాం. అక్షరం ముక్క రానివాడు లెక్క కట్టాడంటే ఎవరు నమ్ముతారు? బావ ఇంకోసారి అనలేదు. సేటు మాత్రం అన్నేళ్లూ ఆ చీటీ ఉన్న డబ్బాకే దండం పెట్టాడు.

సురేశ్‌కు చూపించాను. చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఇప్పుడిది ఎందుకక్కా? చచ్చిపోయినాయన మీద బురద చల్లుతవా? మళ్లా లోపల పెట్టి చుట్టెయ్యి. జానే దో, పోనియ్యి."

"బురద నేనెక్కడ చల్లుతున్న? రాసింది మీ నాన్ననే గదా."

"నీ కొలువు, నీ ఖోలీ రెండూ మా నాన్న ఇచ్చినయే. యాది పెట్టుకో" అన్నాడు.

అబద్ధం కాదు. మేమున్న గది సేటుదే. ఇంటికొచ్చి నీ మరిదికి చెప్పాను. ఆయన వానలోకి చూస్తూ, "నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి. ధారావిల మా అన్నోళ్ల గుడిసె ఉండనే ఉన్నది" అన్నాడు. నిజం చెబుతున్నాను, చీటీ మళ్లీ లోపల పెడదామని ఒకసారి కాగితం కూడా తీశాను.

సభ రోజు హాలంతా జనం. గోడకు పెద్ద ఫోటో, కింద బోర్డు మీద "తన సొంత బుర్రతో డబ్బా కనిపెట్టిన మహానుభావుడు" అని రాయించారు. ఒకరి తరువాత ఒకరు లేచి పొగిడారు. సేటు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. నా మోచేతి మచ్చ చూసుకున్నాను. చివరికి నన్ను పిలిచారు. నాకు ఉపన్యాసాలు రావు కదా. సేటు నాకు అక్షరాలు నేర్పాడని చెప్పాను. సక్కుబాయితో అన్నం తిన్న సంగతి చెప్పాను. మచ్చ చూపించాను, కొందరు నవ్వారు. తరువాత, "ఆయన నేర్పిన అక్షరాలతోనే ఆయన రాసింది సదువుత" అని రవికెలోంచి చీటీ తీసి చదివాను.

సురేశ్ నేల చూస్తున్నాడు. ముందు వరుసలోంచి రాజవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. చీటీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఆయన రాతేనా?"

"ఆయనదే అవ్వా."

"నర్సింలు మా ఇంట్ల ఎన్నిమార్లు తిన్నడో. ఊరికి పోయిన దినం గూడ పొద్దుగాల నా చేతి చాయే తాగి పోయిండు" అంది. చీటీ కళ్లకు అద్దుకుని నాకు తిరిగి ఇచ్చింది. "ఇది ఈడ ఉండద్దు బిడ్డా. వాళ్లింటికి పంపు. ఆయనకు బతికుండంగ చాతకాలే."

తరువాత బల్బు వెలిగించారు. వెలిగింది. బావ చుట్టిన తీగ అక్కా, ఇన్నేళ్ల తరువాత కూడా ఊగకుండా వెలిగింది. నేను తెగిన చోట అతికించాను, అంతే. చీటీ తీసిన చోట ఇంకో చీటీ పెట్టి చుట్టాను. దాని మీద కూడా బావ పేరే రాశాను.

సోమవారం పనికి పోయాను. నా పీట నా చోటే ఉంది. సురేశ్ నాతో మాట్లాడడం లేదు. ఖోలీ సంగతి ఏమవుతుందో తెలియదు. సభలో పెట్టిన బోర్డు మాత్రం ఇంకా కారఖానా గోడకు ఎక్కలేదు, మూలన తిప్పి పెట్టి ఉంది. చాలా అలసిపోయాను అక్కా. సేటు మీద కోపం తెచ్చుకుందామంటే, అక్షరం రాయబోయినప్పుడల్లా ఆయన చేయి గుర్తొస్తుంది. ఏడుద్దామంటే బావ గుర్తొస్తాడు. మీరు మాత్రం మా గురించి దిగులు పెట్టుకోకండి.

ఇంతవరకు సేటు తప్పు రాశాను. ఇక నాది రాయాలి. నలుగురి ముందు చదివించమన్నది ఇందుకే.

బావా, ఇది నీకు. ఆ రోజు సేటు నిన్ను నిలబెట్టి, నా వైపు తిరిగి, "బాలమణీ, నువ్వు పక్కనే కూసుంటవ్. వీడు ఆ షాపోనితోని మాట్లాడిండా లేదా, చెప్పు" అన్నాడు. నువ్వు చాయ్ బండి దగ్గర మాట్లాడింది మన పక్కూరి మేస్త్రీతో. నేను చూశాను. నాకు తెలుసు. మేము వచ్చి ఏడాది కాలేదు, నువ్వే మమ్మల్ని తెచ్చి పనిలో పెట్టించావు. ఖోలీ పోతుందని భయపడ్డాను. తల దించుకుని తీగ చుడుతూ ఉండిపోయాను. నేను మాట్లాడకపోవడమే సాక్ష్యం అయింది. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. తరువాత అక్క ఏమైందని రాయించి అడిగితే, నాకేమీ తెలియదని రాయించాను. నువ్వు ఈ తొమ్మిదేళ్లలో అక్కకు కూడా నా మాట చెప్పలేదని నాకు తెలుసు. చెప్పి ఉంటే అక్క నాకు చింతచిగురు పంపేది కాదు.

నువ్వు దొంగవు కావు బావా. అరుగు మీద ఉన్నవాళ్లంతా విన్నారు కదా.

చీటీ జాగ్రత్తగా తీయండి, కాగితం పెళుసుగా ఉంది. బావకు చదువు రాకపోయినా ముందు ఆయన చేతికే ఇవ్వండి. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. బావ ఏమంటాడో అది నాకు రాయించు అక్కా. ఏమీ అనకపోతే, అనలేదని రాయించు.

మీ గడపకు మొక్కుతూ,
బాలమణి