పసుపుతాడు, అయస్కాంతం

మంగళవారం

పద్మకు నెలరోజులుగా తలనొప్పి, ఎడమచేతికి తిమ్మిరి. శనివారం తీసిన సీటీలో రక్తస్రావం లేదన్నారు. మెదడు ఇంకా వివరంగా చూడాలంటూ ఈరోజు ఎమ్మారైకి రాజమండ్రి రమ్మన్నారు. సీటీ ఎక్స్‌రేలతో నిమిషాల్లో అయిపోతుంది, ఎమ్మారైకి పెద్ద అయస్కాంతం, అరగంట చప్పుడు. ఇదంతా చదివి నిన్ననే చెప్పాను. "ఊరుకోండి, మీరేమైనా డాక్టరా?" అంది.

స్కాన్ సెంటర్లో మంగళసూత్రం తీయమంటే తీయనని కూర్చుంది. వెంట వచ్చిన తోడల్లుడు సుబ్బారావు నవ్వాడు.

"అది పెద్ద అయస్కాంతం మరదలా! లోహం పనికిరాదు. ఇదిగో, మీ అక్క పసుపుకొమ్ము కట్టిన తాడు పంపింది."

"అలా చెప్పండి బావగారూ!" అని వెంటనే లేచింది.

అయస్కాంతం మాట నాదే. అతను చెబితే చెవికెక్కింది. ఇంత చదివినా నాకు పసుపుకొమ్ము తట్టలేదు.

తాడు మాత్రం నేనే కట్టాలి కదా, కట్టాను. పద్మ మెడ వణుకుతోంది. అది తెలుస్తున్నా నా చూపు సుబ్బారావు మీదే ఉంది.

రిపోర్టు రేపు ఇస్తారు. గడ్డ ఏదీ ఉండకూడదని మొక్కుకోవలసినవాణ్ణి, ఆ కాగితం సుబ్బారావు కంటే ముందు నా చేతికి రావాలని కోరుకుంటున్నాను.