ఉప్పుమడి మీద వాన

ప్రియమైన ఉడతకి,

నువ్వు వెళ్ళిన దగ్గర్నించి అమ్మ రోజూ నీ పక్క దులుపుతోంది. పడుకునేవాళ్ళు లేని పక్కకి దుమ్మెందుకు పడుతుందే అంటే, ఉప్పుగాలి కదా అంటుంది. ఈ ఉత్తరం మీ బావ చేత పంపుతున్నాను. ఉప్పు లోడు ఎలాగూ మీ పరుగు క్యాంపు మీదుగానే వెళ్తుంది. వాళ్ళు మీ ఫోన్లు లాక్కుంటే మనకి పోయిందేం లేదు.

ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. రెండో వరస మడుల్లో నీళ్ళు చిక్కబడి పైన మీగడ కడుతున్నాయి. నీ పలక కర్రతో నేనే ఉప్పు లాగుతున్నాను. నీ చేతికి అరిగిన చోట నా చెయ్యి ఇమడడం లేదు.

అసలు సంగతి చెబుతాను. నీళ్ళు తాగు. దాహం వేసేదాకా ఆగకు. నాన్న పోయేసరికి నువ్వు గట్ల మీద పాకుతున్నావు, నీకు తెలీదు. వరస లాగడం అయ్యాక తాగుతానని ఊరుకున్నాడట. నిండు క్యాను పక్కనే పెట్టుకుని గట్టు మీద పడిపోయాడు. నీ వేలికున్న ఉంగరం ఆయనదే. ఆ రోజు వేలి నుంచి రాకపోతే కోసి తీసి, తర్వాత అతికించారు. ఆ అతుకు కంట పడినప్పుడల్లా ఒక గ్లాసు తాగు. అమ్మ మాట ఇది, నా మాట కూడా.

అక్కడ వంటవాడితో చెప్పి నీకు చప్పిడిదే పెట్టమను. ఉప్పులో పుట్టి ఉప్పులో తిరిగేవాళ్ళకి చర్మంలోంచి ఎక్కేదే పుట్టెడుంటుంది, మళ్ళీ కూరలోది ఎందుకు అనేవాడు కదా తాత. మీ బావకి మాత్రం ఇది ఎక్కదు. "ఉప్పు లారీ తోలేవాడికి ఇంట్లో చప్పిడి కూడు" అని అందరికీ చెప్పుకుంటూ దారిలో హోటల్లో తినొస్తాడు.

ఆ పెద్ద పరుగులో మొదటి ముగ్గురిలో ఉంటేనే ఉద్యోగం, లేకపోతే తిరిగి ఇంటికే అని మీ మాస్టారు అన్న మాట అమ్మ నెమరేస్తూనే ఉంది. తిరిగి వస్తే నామోషీ ఏం లేదు. పలక లాగడానికి నా చేతులు చాలు. నీ కాళ్ళు వేరే పనికి పుట్టాయి, అంతే.

నీళ్ళు మర్చిపోకు.
నీ అక్క


ప్రియమైన అక్కకి,

బావ గేటు దగ్గర హారను కొడితే క్యాంపంతా కిటికీల్లోకి వచ్చింది. నా గదిలో ఉండే పొడుగుపిల్ల లారీ చూసి, "మీ ఉప్పు తిన్నవాళ్ళం, ఇక నీ మాట కాదంటామా" అని తన కిటికీ పక్క మంచం నాకిచ్చేసింది. మా ఉప్పు అందరూ తింటారు, మేం తప్ప అన్నాను. నవ్వులాట అనుకుంది. అన్నాల దగ్గర నా కంచం చూశాక నిజమేనని నమ్మింది.

మా మాస్టారు అన్నం తినేటప్పుడు కూడా మెడలో ఈల తియ్యడు. మేమంతా ఈల మాస్టారంటాం. తెల్లవారుతూనే ఆ ఈల మోగుతుంది, అప్పటినుంచి కాళ్ళు మనవి కావు.

ఎంత నీళ్ళు తాగాలన్న దాని మీద ఇక్కడ తలో మాట. పొడుగుపిల్ల రోజుకి మూడు లీటర్లంటుంది. పక్కగది వాళ్ళు ఎనిమిది గ్లాసులంటారు, గ్లాసు ఎంతదో చెప్పరు. మాస్టారిని అడిగితే, "పరిగెత్తేవాళ్ళు తాగాలి, నేను ఈల ఊదాలి, పద పద" అన్నాడు. నేను మీ మాటే పట్టుకున్నాను. సీసా చేతిలోంచి దించను. దారి పొడవునా నీళ్ళ బల్ల కనిపిస్తే చాలు, ఆగుతాను. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే ఎవరో అని ఎవరూ లేవడం లేదిప్పుడు, ఉడత బాత్రూంకి పోతోందిలే అనుకుంటున్నారు. ఆ పేరు బావ గేటు దగ్గర అరిచి అంటించి పోయాడు.

ఒక వింత చెప్పాలి. నిన్న పొడుగు పరుగు. వచ్చి నల్ల బనీను విప్పి తీగ మీద వేశాను. ఆరాక చూస్తే వీపు మీద తెల్లటి గీతలు. ఒకదాని కింద ఒకటి, వంకర తిరిగి, అచ్చం మడి ఎండేటప్పుడు అంచున కట్టే గీతల్లా ఉన్నాయి. నాలుక పెట్టి చూశాను. ఉప్పు. మన మడిలో ఉప్పుకీ దానికీ తేడా లేదు. ఇక్కడ సముద్రం లేదు, మడి లేదు, నేను ఉప్పు మెతుకు ముట్టింది లేదు. మరి ఇది ఎక్కడిది అక్కా? ఉతకబుద్ధి కాలేదు. దాన్ని అలా పట్టుకుని నిలబడిపోయాను.

అమ్మని అడుగు, ఏమంటుందో.
నీ ఉడత


ప్రియమైన ఉడతకి,

బనీను సంగతి చదివితే అమ్మ పని ఆపేసి చేతులు తుడుచుకుంది. నన్ను మళ్ళీ మొదటినుంచి చదవమంది. "చూశావా, చిన్నప్పటినుంచి ఎక్కిందంతా ఇప్పుడు దిగుతోంది" అంది. నాకూ అదే తోచింది. అన్నేళ్ళు మడిలో నానినదానివి. మడి వదిలేశావు కాబట్టి, ఒళ్ళు తనంతట తనే ఉప్పు వదిలించుకుంటోంది. మనిషి ఒంటికి ఇంత తెలివి ఉంటుందా అని రోజంతా అదే ఆలోచన. లాగుతున్న పలక ఆపి నా మోచేయి నాకి చూసుకున్నాను. పక్క మడి వాళ్ళు చూసి, దీనికి ఎండ తలకెక్కింది అన్నారు.

పోనీ. అంతా పోనీ. ఇంకా తాగు. మడి కడగాలంటే ఏం చేస్తాం? మంచినీళ్ళు వదులుతాం. బనీను తెల్లబడడం మానేదాకా తాగు. అప్పుడు నువ్వు పూర్తిగా ఆ ఊరిదానివి అయినట్టు.

మీ బావ మాత్రం, "అక్కాచెల్లెళ్ళిద్దరూ డాక్టర్లైపోయారు, నేనే లారీ దగ్గర ఉండిపోయాను" అని వెక్కిరిస్తున్నాడు. ఆయన మాట పట్టించుకోకు.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

కొద్దిగానే రాస్తున్నాను, తల నొప్పిగా ఉంది. ఆదివారమే పెద్ద పరుగు.

అమ్మ చెప్పిందే నిజం. గీతలు సన్నబడ్డాయి. మొన్న పొడుగు పరుగుకి ముందూ తర్వాతా సరదాకి అందరం వంటింటి కాటా ఎక్కాం. అందరూ తగ్గారు, నేనొక్కదాన్నే పెరిగాను. "నువ్వు పరిగెత్తావా, దారిలో విందు తిన్నావా?" అని పొడుగుపిల్ల ఏడిపించింది. నాకు మాత్రం గర్వంగానే ఉంది. పరిగెత్తి కూడా పెరిగానంటే బలమే కదా.

బూట్లు బిగుతయ్యాయి. నాన్న ఉంగరం కూడా సబ్బు రాసినా రావడం లేదు. వేలి మీద అతుకు ఒత్తుకుంటోంది. ఒత్తుకున్నప్పుడల్లా గుర్తొచ్చి తాగుతున్నాను.

కొంచెం వాంతి వచ్చేలా ఉంది. భయం వల్లేమో. నాకోసం అమ్మని దిగులు పడొద్దను.

నీ ఉడత


ప్రియమైన ఉడతకి,

ఇది పోస్టులో వేస్తున్నాను. నీ పరుగు ఏమైందో తెలీదు. శనివారం రాత్రి కాలం కాని కాలంలో వాన పడింది. కరెంటు పోయింది, టవరు పడిపోయింది, మీ బావ ఫోను చచ్చిన చేపలా పడి ఉంది. లోడు లేదు కాబట్టి లారీ కదలదు.

పండిన మడి మీద వాన ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. తెల్లారి వెళ్ళి చూస్తే మడి నిండా నీళ్ళు. ముందురోజు పలక తగిలితే గలగలమన్న ఉప్పు, చెయ్యి పెడితే లేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. అక్కడే ఉంది, నీళ్ళలో. ఉన్నా ఉప్పు కాదు. ఇన్ని వానలు చూశాను, ఇప్పటికీ అలాంటి మడిలో చెయ్యి పెట్టి వెతుకుతూనే ఉంటాను. మంచినీళ్ళే కదా పడింది. విషం కాదు, బురద కాదు.

అమ్మ గేటు వైపు చూస్తూ కూర్చుంటోంది. గెలిచావో ఓడావో తర్వాత. ఒక్క ముక్క రాయి.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

నేను బాగున్నాను. ముందు ఆ మాట అమ్మకి చదివి, తర్వాత మిగతాది చదువు.

పరుగులో సగం దాటేదాకా నేను ముందువరసలోనే ఉన్నాను. ప్రతి బల్ల దగ్గరా ఆగి తాగాను. తర్వాత రోడ్డు మీద గట్లు కనిపించాయి. మన మడి గట్లే. వాటిని తొక్కకూడదని కాళ్ళు ఎత్తి ఎత్తి వేశానట. మలుపు దగ్గర అందరూ కుడికి వెళ్తే నేను ఎడమకి పోయాను. అక్కడెవరో పట్టుకుని పేరడిగితే చెప్పలేకపోయాను. తర్వాత పడిపోయాను.

ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పట్టబోయారట. ఒక డాక్టరమ్మ వచ్చి నా వేళ్ళు నొక్కి చూసి, "ఆగండి, ఇక చుక్క పొయ్యొద్దు" అందట. ఆస్పత్రిలో రక్తం తీశారు. రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. నీళ్ళు ఎక్కువై ఉన్న ఉప్పు పలచబడిందట. అది మెదడుని వాచేలా చేస్తుందట. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కదట. వేళ్ళు ఉబ్బిపోయి ఉంటే నర్సు నాన్న ఉంగరం కోసేసింది. సరిగ్గా ఆ అతుకు దగ్గరే. రెండు ముక్కలూ నా దిండు కింద ఉన్నాయి.

చేతికి సూది గుచ్చి ఒక సంచి తగిలించారు. అందులో ఉన్నది ఏమిటో తెలుసా? ఉప్పునీళ్ళు. అంతే. బొట్టు బొట్టుగా దిగింది. దిగేకొద్దీ గది గదిలా కనిపించింది. కిటికీ వచ్చింది, ఫ్యాను వచ్చింది, చివరికి నా పేరు వచ్చింది. అక్కా, మనం పారలతో ఎత్తి లారీలో పోసేది అదే. నేను దాని మీద చెప్పులేసుకుని తిరిగాను.

చప్పిడి తింటానని, ఒంట్లో ఉప్పు కడిగేసుకుంటున్నానని చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఒంట్లో ఉప్పు మురికి కాదమ్మా, దాంతోనే నడుస్తున్నావు" అంది. చర్మంలోంచి లోపలికి ఎక్కేది లెక్కలోకి రాదట. చెమటలో బయటికి పోయేదే చాలా ఎక్కువట.

ఇంతకీ ఎంత తాగాలి అని అడిగాను. అందరికీ ఒకే లెక్క ఉంటే నాకు పనేముంది అంది. మామూలు రోజున తిండిలో వచ్చేదానితో కలిపి రెండు మూడు లీటర్ల దగ్గర సరిపోతుందట. పరుగు రోజున ఎండనీ చెమటనీ బట్టి ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగాలి, వెయ్యకుండా పోసుకోకూడదు. పరుగుకి ముందూ తర్వాతా కాటా ఎక్కాలి. కొంచెం తగ్గితే మంచిదే, బాగా తగ్గితే తాగింది చాలలేదు, పెరిగితే తాగింది ఎక్కువ. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే చాలు. గంటలకొద్దీ పరిగెత్తితే ఉప్పు కూడా పడాలి. "అలాగని నీళ్ళు మానేవు, మానినవాళ్ళూ ఈ మంచం మీదకే వస్తారు" అని మరీ మరీ చెప్పింది.

ఈల మాస్టారు వచ్చాడు. మెడలో ఈల లేదు. "కాటా మీద నువ్వు పెరిగావని ఎవరూ నాకెందుకు చెప్పలేదు" అన్నాడు. వానాకాలం వెళ్ళాక ఇంకో పరుగు ఉంది, అప్పటిదాకా నా మంచం నాదేనట. పొడుగుపిల్లకి రెండో స్థానం వచ్చింది. నా కంచంలో రోజూ తనే ఉప్పు వేస్తోంది. "ఇది మీదే, తిను" అంటోంది.

బావ ఫోనుకి ఎన్నిసార్లు చేసినా కలవలేదన్నారు. భయపడి ఉంటారు. ఇక భయం లేదు.

నీ ఉడత


ప్రియమైన ఉడతకి,

నీ ఉత్తరం వచ్చేసరికి అమ్మ, నేను పాడైన మడిలో నీళ్ళు తోడుతున్నాం. గట్టు మీద కూర్చుని చదివాను. ఉంగరం కోశారన్న చోట అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వేలు ఉబ్బిందా?"

"ఉబ్బిందట."

నా చెయ్యి వదిలి మడి వైపు తిరిగింది. తర్వాత నాకేసి చూడకుండానే చెప్పింది.

"మీ నాన్నకీ ఉబ్బింది. ఆ రోజు ఆయన పక్కనున్న నిండు క్యాను రెండోది. మొదటిది ఖాళీగా అవతలి గట్టు మీద పడుంది. నేనే దాన్ని ఇంటికి తెచ్చాను."

"మరి తాగలేదని చెప్పావేం?"

"తాగినవాడు ఎలా పోతాడే? నాకు అందిన కారణం అదొక్కటే. ఎవరడిగినా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైపోయింది."

ఎండో, నీళ్ళో, ఉప్పో, ఇప్పుడు చెప్పేవాళ్ళెవరు. మా ముందు మడి నిండా వాననీళ్ళు ఉన్నాయి, ఆకాశం అందులో కనిపిస్తోంది. పండిన మడి మీద వాన పడితే ఏమవుతుందో నడక రాకముందే తెలిసినదాన్ని. నీకు ఉత్తరంలో కూడా రాశాను. రాసిన చేతికే అర్థం కాలేదు.

తర్వాత అమ్మ మడి అంచున గడ్డకట్టి మిగిలిన ఉప్పు ఒక పలుకు ఏరింది. ఎండకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "ఇది తక్కువైతే దానికి తన పేరే గుర్తు రాలేదా?" అంది. అవునన్నాను. ఆ పలుకు కొంగున కట్టుకుంది.

వాన పడని పై మడుల నుంచి రేపు కొత్త లోడు ఎత్తుకుని మీ బావ అటు వస్తాడు. ఉంగరం ముక్కలు ఆయనకివ్వు. అతికించాలో వద్దో అమ్మ ఇంకా చెప్పలేదు.

సాయంత్రం అమ్మ కొంగు ముడి విప్పి కూరలో ఉప్పు వేసింది. కాపురానికొచ్చిన దగ్గర్నించి ఉప్పు ఎరగని చెయ్యి, ఎంత వెయ్యాలో తెలీలేదు. ఎక్కువైంది. మీ బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయి, అమ్మ ముఖం చూసి, కంచం ఖాళీ చేశాడు. మేమూ తిన్నాం.

కాసేపటికి దాహం వేసింది. లేచి నీళ్ళు తాగాం.

నీ అక్క